సితాన్ పేరు మీద

నాకు మొహాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. డకార్‌లో, కొలొబాన్ బజారు వెనక, వ్యాపారాలు రిజిస్టరు చేసే ఆఫీసు గోడవార ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక బల్ల వేసుకుని జనానికి ఫారాలు నింపిపెడుతున్నాను. వాళ్ళు నిలబడతారు, నేను కూచుని రాస్తాను. తలెత్తితే ఎండ సూటిగా కళ్ళలో పొడుస్తుంది కనక బల్ల మీద ఆనించిన చేతుల్నే చూస్తూ పేరేంటి, ఊరేంటి అని అడుగుతాను. చేతులు చాలా చెప్తాయి. వయసు తగ్గించి చెప్పేవాడి చేతులు బల్ల మీద ఉండవు, జేబులోకి పోతాయి.

ఇన్నేళ్ళలో నేను రాసిన కాయితం ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. ఈ మాట రోజుకోసారైనా ఎవరికో ఒకరికి వినిపించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సితాన్ ట్రవోరే చేతులు చూస్తే ఎవరూ మర్చిపోరు. గోళ్ళు నీలం, వేళ్ళ సందుల్లో ఊదా, అరచేతి గీతల్లో ఎప్పటిదో పసుపు. ఆమెది బజాన్ అద్దకం. తెల్లటి బట్టని దారంతో ముడులు కట్టి, రంగు తొట్టెలో ముంచి తీసి, గంజి పెట్టి, కర్ర సుత్తులతో మిలమిలలాడేదాకా కొట్టిస్తే అది బజాన్. అది ఒంటిమీద లేకుండా మా ఆడవాళ్ళు పెళ్ళికి గడప దాటరు. సితాన్ మాలీలోని సేగూ నించి మొగుడి వెంట ఇక్కడికొచ్చింది. మొగుడు పోయాక పద్ధెనిమిదేళ్ళుగా హాజీ మొమార్ జోప్ పెరట్లో అద్దకం చేస్తోంది. ఆమె చేతిలో తయారైన బట్టని బజార్లో 'హాజీ బజాన్' అంటారు.

నేను న్జాయ్ వంశం వాణ్ణి. జోప్‌లకీ న్జాయ్‌లకీ తాతముత్తాతల నాటి నించి పరాచికాల వరస. బావామరదళ్ళకైనా ఒక హద్దుంటుంది, మాకు అదీ లేదు. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిండిపోతులనీ దొంగలనీ ఎంతైనా అనొచ్చు, కోపం తెచ్చుకున్నవాడే తక్కువ జాతివాడు. మాలీ నించి ట్రవోరేలు ఎవరొచ్చినా డకార్‌లో వాళ్ళని జోప్‌లు అనే పిలుస్తాం, రెండూ ఒకే ఇంటి పేర్లని మా పెద్దల మాట. కాబట్టి సితాన్ సరిహద్దు దాటి వచ్చిన రోజునే జోప్ అయిపోయింది, నాకు ఆమెని తిట్టే హక్కు వచ్చేసింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆ నీలం గోళ్ళు నా బల్ల మీద వాలాయి.

"ఏం అలసందల కుండా, ఇంకా ఉన్నావా నువ్వు?" అంది.

"నిన్ను పూడ్చి గానీ పోను. పక్కింటి అన్నం గిన్నె ఎక్కడ దాచి వచ్చావ్?"

"నీ కంట పడనిచోట. సరే గానీ, మంచి కలం తియ్యి. సొంతంగా అద్దకం కొట్టు పెడుతున్నా."

నేను నిజంగానే తలెత్తాను. ఎండ పొడిచింది. సితాన్ నవ్వడం లేదు. మసీదు వెనక సందులో పెరడు అద్దెకి తీసుకుందట, నాలుగు తొట్టెలు కొందట, కొట్టు పేరు 'సేగూ రంగులు' అట.

"హాజీకి చెప్పావా?"

"చెప్పా. నవ్వాడు. నవ్వనీ."

నేను రాయడం మొదలుపెట్టాను. రాస్తూ తిడుతున్నాను, ఆమె తిప్పికొడుతోంది. నీ కొట్లో రంగు కన్నా చేపలన్నం వాసనే ఎక్కువొస్తుంది అన్నాను. నువ్వు ఆ వాసన పట్టుకుని కుక్కలా గుమ్మంలో పడుంటావు అంది. పక్కన మిరియాల కాఫీ అమ్మే అస్తూ కడుపు పట్టుకుని నవ్వింది. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏ ఫారమూ నింపలేదు. లోపలి గుమాస్తాలు నా రాతని కళ్ళు మూసుకుని నమ్ముతారు. అయిదు వారాల్లో ముద్ర పడిన కాయితం చేతికొచ్చింది. సితాన్ దాన్ని బజాన్ ముక్కలో చుట్టి గుండెలకి పెట్టుకుని వెళ్ళింది.

కొట్టు పెట్టిన నెలలోనే పెద్ద బేరం తగిలింది. రుఫిస్క్‌లో ప్రార్థన సంఘం ఆడవాళ్ళకి ప్రవక్త పుట్టినరోజు పండక్కి రెండు వందల నిలువుటంగీలకి ఒకే రంగు బట్ట కావాలి. అయితే వాళ్ళ కార్యదర్శమ్మ గట్టిది. కిందటేడు ఎవరో అద్దకంవాడు రొక్కం పుచ్చుకుని ఉడాయించాడట. అందుకని కొట్టు పేరున బాంకులో ఖాతా ఉంటేనే, ఆ ఖాతాకే చెక్కు అంది. శుక్రవారం సాయంత్రం లోపల ఖాతా నంబరు చెప్పకపోతే బేరం హాజీకి ఇచ్చేస్తానంది.

సోమవారం పొద్దున నేనూ సితాన్‌తో బాంకుకి వెళ్ళాను. ఆమెకి ఫ్రెంచి చదవడం రాదు. బాంకులో సాంబూ అని ఒక అమ్మాయి, మా దేశం దక్షిణాదిది, కూతురి వయసుంటుంది. కాయితాలు ఒక్కొక్కటే తిరగేసి, రెండు పక్కపక్కన పెట్టి, మళ్ళీ చూసింది.

"అమ్మా, పాస్‌పోర్టులో సితాన్ ట్రవోరే అని ఉంది. కొట్టు కాయితంలో యజమాని సితాన్ జోప్. ఈ జోప్ ఎవరు?"

సితాన్ పకపకా నవ్వింది. "నేనేనమ్మా. డకార్‌లో ట్రవోరే అంటే జోప్ కాదూ?"

సాంబూ కూడా నవ్వింది. "నాకు తెలుసమ్మా. మీరు జోపే. ఈ కంప్యూటరుకి చెప్పండి, వింటుందేమో."

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు అన్నం గిన్నె గురించీ కుక్క గురించీ వాదిస్తూ, పద్ధెనిమిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాటని చెయ్యి రాసేసింది. ఇంటి పేరు దగ్గర జోప్. నా అక్షరాలు నాకు తెలియవా? పైగా ఆ పక్కన గుండ్రంగా, అందంగా గీత కూడా పెట్టాను.

సితాన్ నా వైపు తిరిగింది. "ఇదెలా జరిగింది?"

"లోపల టైపు కొట్టినవాడి పని," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నాలిక మీద ముందే కూచునుందేమో.

కాయితం సవరించాలంటే నెల పైన పడుతుందని సాంబూ చెప్పింది. ఇంకో దారి ఉంది. ట్రవోరే, జోప్ ఇద్దరూ ఒకే మనిషి అని మునిసిపల్ ఆఫీసు ధ్రువపత్రం ఇస్తే బాంకు ఒప్పుకుంటుంది. దానికి ఇద్దరు సాక్షులు వెళ్ళి ప్రమాణం చెయ్యాలి.

"ఇంకేం, నేనున్నాగా," అన్నాను మహా ఉదారంగా.

మధ్యాహ్నానికి ఈ కబురు బజారంతా తిరిగి హాజీ జోప్‌ని చేరింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. తెల్లటి అంగీలో, జపమాల తిప్పుకుంటూ నా బల్ల దగ్గరికే వచ్చాడు. సితాన్ అస్తూ ముక్కాలి పీట మీద కూచుని కాఫీ తాగుతోంది.

"చెల్లెమ్మా," అన్నాడు, "నాకు ఖాతా ఉంది. చెక్కు నా పేరున వేయించు. బట్ట నీది, డబ్బు నీది, నేను ఒక్క ఫ్రాంకు ముట్టుకోను. జోప్ అయితేనేం, ట్రవోరే అయితేనేం, మనది ఒకే రక్తం."

నిజానికి అది మంచి మాటే. నేనైతే ఎగిరి గంతేసేవాణ్ణి. ఖాతా గొడవ తీరిపోతుంది, నా తప్పు ఎవరికీ తెలియకుండా మట్టిలో కలిసిపోతుంది. సితాన్ ఊ అంటే బాగుండునని మనసులో దణ్ణాలు పెట్టుకున్నానని ఒప్పుకుంటున్నాను.

సితాన్ గ్లాసు కింద పెట్టింది.

"హాజీ అన్నా, పద్ధెనిమిదేళ్ళు నీ ఇంట్లో తిన్నాను. కాదనను. ఆరేళ్ళ కిందట మా తమ్ముడి పెళ్ళికి సేగూ వెళ్ళాను చూడు, అప్పుడు మా అమ్మకి కళ్ళు సరిగా కనపడేవి కావు. నువ్వు చేసిన బట్ట ఏదీ, చూపించు అంది. పెట్టెలోంచి తీసిచ్చాను. వేళ్ళతో అంతా తడిమింది. అంచు దగ్గర నీ ముద్ర ఉంటుందిగా, అక్కడ ఆగింది. 'ఇది నీ పేరా తల్లీ?' అంది. అవునమ్మా అన్నాను. ఆ ముద్ర మీద ముద్దు పెట్టుకుంది. మరుసటేడు పోయింది."

హాజీ జపమాల ఆగిపోయింది.

"నీ మీద కోపం కాదన్నా. కానీ అలాంటి అబద్ధం ఇంకోటి చెప్పే ఓపిక నాకు లేదు. బేరం నీకు పోతే పోనీ. ఖాతా మాత్రం నా పేరు మీదే."

హాజీ "దేవుడు నీ పని నెరవేర్చాలి," అని వెళ్ళిపోయాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను మాత్రం బల్ల మీద కాయితాలు సర్దుతూ కూచున్నాను. అవి ముందే సర్ది ఉన్నాయి.

మంగళవారం పొద్దున్నే మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాం. రెండో సాక్షి అస్తూ. ఆ రోజు కాఫీ బండి తమ్ముడికి అప్పజెప్పి, ఉన్నవాటిలో మంచి అంగీ వేసుకుని వచ్చింది. ధ్రువపత్రాలు చూసే అధికారి ఫాయ్. ముక్కుసూటి మనిషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు, అప్పటిదాకా ఏ మచ్చా పడకూడదని భయం. ముందు అస్తూని అడిగాడు. అస్తూ చక్కగా చెప్పింది. తరవాత నా వంతు వచ్చింది.

"న్జాయ్, ఈమె నీకు ఎన్నాళ్ళుగా తెలుసు?"

"పద్ధెనిమిదేళ్ళుగా."

"ఈమె పేరేంటి? కొట్టు కాయితంలో వేరే పేరు ఎలా పడింది?"

పేరు చెప్తే సరిపోయేది. రెండో ప్రశ్నకి జవాబంటే నా తప్పు ఒప్పుకోవడమే. ఎప్పుడు ఇరుకున పడ్డా నా నోటికి తెలిసిన దారి ఒక్కటే.

"పేరా అయ్యా? ఊళ్ళో ఎవరింట్లో అన్నం గిన్నె పోయినా ఈమె పేరే చెప్తారు. జోప్‌లకి ఒక్క పేరు చాలుతుందా, దొంగలకి నాలుగైదు ఉండాలి కదా?"

అస్తూ కళ్ళు మూసుకుంది. ఫాయ్ కలానికి మూత పెట్టాడు.

"ఇది ప్రమాణం చేసే చోటు. నువ్వు న్జాయ్‌వి, ఆమె జోప్. ఆమె గురించి నీ నోట నిజం వస్తుందని నమ్మి సంతకం పెడితే రేపు నా పెన్షన్ నువ్విస్తావా? అమ్మా, వచ్చే సోమవారం రండి. ఇంకో సాక్షిని తెచ్చుకోండి, నోరు అదుపులో ఉన్నవాణ్ణి."

సోమవారం అంటే శుక్రవారం దాటిపోయాక. సితాన్ కాయితాలు బజాన్ ముక్కలో చుట్టుకుని బయటికి నడిచింది. మెట్ల దాకా వెళ్ళి అక్కడ కూలబడింది. నేను వెనకే వెళ్ళి నించున్నాను.

"మస్సాంబా," అంది.

ఎన్నడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. న్జాయ్ అంటుంది, అలసందల కుండ అంటుంది, ముసలి నక్క అంటుంది. నా పేరు ఆమె నోట వింటే ఎవరో పోయిన వార్త చెప్తున్నట్టుంది.

"ఒక్కరోజు, ఒక్క మాట మనిషిలా చెప్పలేకపోయావా?"

ఆ తరవాత మొహం పక్కకి తిప్పుకుంది. మోకాళ్ళ మీద ఆ రెండు చేతులూ బోర్లా పెట్టి ఉన్నాయి. ఘాటు రంగుల్లో, కాస్టిక్ సోడాలో నాని నాని వేళ్ళ కొనలు నున్నగా అరిగిపోయాయి. అస్తూ నా భుజం మీద ఒక్కటి వేసింది, మెల్లిగా ఏం కాదు.

"బుద్ధుందా అన్నా? దాని జీవితం అక్కడ బల్ల మీద ఉంటే నీకు వేళాకోళమా?"

వేళాకోళం కాదు అస్తూ, పిరికితనం అని చెప్పాలనిపించింది. చెప్పాల్సింది అస్తూకి కాదు.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఫాయ్ తలెత్తకుండానే, "చెప్పాగా, సోమవారం" అన్నాడు. నేను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను. ఆ బల్లకి ఇవతల నించోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు.

"అయ్యా, ఆమె పేరు సితాన్ ట్రవోరే. కాయితంలో జోప్ అని రాసింది నేను. ఆఫీసువాళ్ళు కాదు, టైపువాడు కాదు. పాస్‌పోర్టు నా ఎదురుగానే ఉంది. కబుర్లాడుతూ చూసుకోకుండా రాశాను. తప్పు బయటపడ్డాక కూడా నాది కాదని ఆమెతో అబద్ధమాడాను."

ఫాయ్ కలం మూత తీశాడు గానీ రాయలేదు, నన్ను చూస్తూ ఉన్నాడు. గుమ్మం దగ్గర అలికిడైంది. వెనక్కి చూడకుండానే ఎవరో తెలిసింది. అయినా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

"పద్ధెనిమిదేళ్ళ కిందట ఆమె భర్త ఓడరేవులో బస్తాల కింద పడి పోయాడు. సేగూలో అత్తగారికి ఉత్తరం రాయించుకోడానికి నా దగ్గరికొచ్చింది. రెండు వాక్యాలు చెప్పింది, మూడోది రాలేదు. నాకేం చెయ్యాలో తెలియలేదు. పేరడిగాను. ట్రవోరే అంది. అయితే నువ్వు జోప్‌వి, నా బాకీ అన్నం ఎప్పుడు తీరుస్తావు అన్నాను. ఆమె నవ్వింది. నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తొమ్మిది రోజుల తరవాత అదే మొదటి నవ్వట. 'ఈ ఊళ్ళో నన్ను తిట్టే మనిషి ఉన్నాడంటే నేను పరాయిదాన్ని కానన్నమాట' అంది. అప్పటినించీ నేను తిట్టని రోజు లేదు. నా భార్య పోయినప్పుడు నలభై రోజులు నాకు అన్నం పంపింది కూడా ఈమే. ఆమె ఒకరి సొమ్ము ముట్టుకోగా నేను చూడలేదు. డకార్‌లో ఇంతకన్నా నిజమైన మనిషి నాకు తెలియదు. ఆమె పేరు మీద ఆమెకి ఖాతా కావాలి. నా నోటి దురద వల్ల అది పోకూడదు."

ఫాయ్ చాలాసేపు రాశాడు. చివర, "తప్పు నీదని కూడా రాశాను. కింద సంతకం పెట్టు. ఈ కాపీ ఒకటి రిజిస్ట్రేషన్ ఆఫీసుకీ పోతుంది," అన్నాడు. పోతే ఏమవుతుందో నాకు తెలుసు. రేపటినించి గుమాస్తాలు నా కాయితాలు రెండుసార్లు చదువుతారు. జనం పక్క బల్లకి వెళ్తారు. సంతకం పెట్టాను.

బయట సితాన్ నాతో పాటు బస్సు ఆగే చోటు దాకా నడిచింది.

"ఆ రోజే చూశాను," అంది నేల చూస్తూ. "చదవడం రాకపోయినా నా పేరు నాకు ఆనవాలే. పొడుగ్గా ఉంటుంది. నువ్వు పొట్టిగా రాశావు. ఈ ఊళ్ళో ఇలాగే రాస్తారేమో, న్జాయ్‌కి తెలియదా అనుకున్నా."

కనీసం తిట్టినా బాగుండేది. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

బుధవారం ఆమె నా బల్ల వైపు రాలేదు. గురువారం అవతలి పక్క నించి నడిచి వెళ్ళింది, చేతిలో గంజి బకెట్టు. నేను తలెత్తాను, ఆమె తల ఊపింది, పెద్దవాళ్ళకి ఊపినట్టు మర్యాదగా. ఆ మర్యాద నన్ను చంపేసింది. తిట్లు లేని ఆ రెండు రోజులు ఎంత పొడుగ్గా గడిచాయో చెప్పలేను. అనుకున్నట్టే ఇద్దరు ముగ్గురు నన్ను దాటి పక్క బల్లకి వెళ్ళారు. అది అంత బాధ అనిపించలేదు. నేను నిజం చెప్పి ఆమె కాయితం బాగుచేశాను సరే, మా ఇద్దరి మధ్య ఉన్నదాన్ని పాడుచేశానేమో అని మాత్రం కుమిలిపోయాను. అంత గంభీరంగా ఒకసారి మాట్లాడాక అన్నం గిన్నె గురించి మళ్ళీ ఎలా దెప్పడం?

సాయంత్రం అస్తూ కాఫీ పోస్తూ, "ధ్రువపత్రం చేతికొచ్చిందట. రేపు తొమ్మిదింటికి బాంకుకి వెళ్తోంది," అంది.

"నన్ను రమ్మందా?"

"రమ్మనలేదు."

"వద్దందా?"

"వద్దనీ అనలేదు. నువ్వే తేల్చుకో, ముసలాడివి కాలేదూ?"

శుక్రవారం ఎనిమిదిన్నరకే బాంకు గుమ్మంలో ఉన్నాను, ఇస్త్రీ చేసిన అంగీలో. సితాన్ వచ్చింది. తను అద్దిన ఆకాశనీలం బజాన్ తొడుక్కుంది. తలగుడ్డ కూడా అదే. నన్ను చూసి ఆగింది, తలుపు తీసి నేను లోపలికి వెళ్ళేదాకా పట్టుకుంది.

సాంబూ కాయితాలన్నీ చూసి, "అబ్బ, ఇప్పుడు బాగుంది," అంది. వేలిముద్రల యంత్రం మాత్రం మొరాయించింది. సోడా తినేసిన ఆ వేళ్ళ మీద దానికి గీతలు దొరకలేదు. కుడి చెయ్యి అయిదు వేళ్ళూ పెట్టి చూసింది, పడలేదు. ఎడమ చెయ్యి బొటనవేలు, చూపుడువేలు కూడా కాదంది. సితాన్ వేలుని తలగుడ్డకి తుడుచుకుంటుంది, మళ్ళీ పెడుతుంది. నేను కుర్చీ అంచుకి వచ్చేశాను. చివరికి ఎడమ చిటికెన వేలుకి పచ్చ దీపం వెలిగింది. ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం. తరవాత సంతకం. ఆ ఒక్క మాట రాయడం ఆమె నేర్చుకుంది. పెదవి కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ, గడి దాటిపోయేంత పొడుగ్గా రాసింది. సాంబూ తొందరపెట్టలేదు, చల్లగా ఉండాలి ఆ పిల్ల.

యంత్రం గరగరమని ఒక కాయితం కక్కింది. పైన 'సేగూ రంగులు', కింద 'సితాన్ ట్రవోరే', ఆ కింద అంకెలు. సితాన్ అక్కడే ఫోను తీసి రుఫిస్క్ కార్యదర్శమ్మకి చేసింది. నేను అంకెలు ఒక్కొక్కటే చెప్పాను, ఆమె గట్టిగా అవతలికి చెప్పింది. అవతల ఆవిడ అన్నీ రాసుకుని, బట్ట ఎప్పటికిస్తావు అని అడిగింది. బేరం నిలిచింది. సితాన్ ఫోను పెట్టేసి, ఆ కాయితం మీద తన పేరున్న చోట వేలు పెట్టి, అలా ఉంచేసింది.

"ఒక్క గడి మిగిలిందమ్మా," అంది సాంబూ. "మీరు పరదేశీయులు కనక తప్పనిసరి. దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, ఏదైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలి?"

సేగూలో తమ్ముడి పేరు చెప్తుందనుకున్నాను. లేకపోతే హాజీ.

"మస్సాంబా న్జాయ్," అంది సితాన్.

సాంబూ టైపు కొట్టింది. "మీకేమవుతారు?"

నేను తిట్టుకి సిద్ధమయ్యాను. మూడు రోజుల తరవాత మళ్ళీ తిట్టబోతోందని లోపల పండగలా ఉంది. నవ్వడానికి మొహం కూడా సర్దుకున్నాను.

"ఈ దేశంలో నేను పోతే ఏడ్చే మనిషి," అంది.

సాంబూ వేళ్ళు మీటల మీద ఆగాయి. మా వాడుక తెలిసిన పిల్లే, అందుకే ఆగింది. జోప్ చస్తే న్జాయ్ ఏడవకూడదు. శవం చుట్టూ కూచున్నవాళ్ళ మధ్యకి వెళ్ళి, పోయినవాళ్ళలా నడిచి, వాళ్ళలా దగ్గి, వేషాలు వేసి ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. అది మా పని, ఎన్ని తరాల నించో. సితాన్‌కీ తెలుసు. ఆ మాట గుర్తు చేద్దామని నోరు తెరిచాను.

"న్జాయ్‌లు ఏడవరు జోప్. నువ్వు పోయిన రోజు నీ ఇంటి ముందు పెద్ద పళ్ళెం వేసుకుని కూచుంటాను. నీ వాటా అన్నం కూడా నాకే వడ్డించమని..."

అంతవరకే వచ్చింది. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"చూశావుగా," అంది సితాన్ ఆ పిల్లతో. "రాసుకో."